పొలాలు లేని రాజధాని

సినిమా కథను గురించీ, పాటలను గురించీ, సంభాషణలను గురించీ మన పత్రికలు చాలా చర్చించాయి. కథానాయకుడి వెనక నిలబడ్డ కొండను గురించీ, దానిమీది కోటను గురించీ చర్చించింది తక్కువ. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆ కొండతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. నా జవాబు ఇది: మన ప్రబంధకవులకు పురవర్ణన ఎటువంటిదో, నేటి భారీ జానపద చిత్రాలకు ఆ కొండా కోటా అటువంటివి. కథ మొదలు కాకముందే ఆ లోకంలో ఎవరు గొప్పవారో, ఎవరు లెక్కలోకి రారో ఆ ఒక్క దృశ్యం మనకు చెప్పేస్తుంది. పురవర్ణన పద్యాలను తరగతిలో విప్పి చెప్పే మనం దీన్ని మాత్రం పరిశీలించకుండా వదిలెయ్యటం న్యాయం కాదు.

ఈ దృశ్యాలను తయారుచేసే పనిని సినిమావారు మాట్ పెయింటింగ్ అంటారు. నటులు నిలబడ్డ చోటును మాత్రం నిజంగా చిత్రీకరించి, తక్కిన లోకాన్ని బొమ్మగా గీసి, రెంటినీ ఒకే చట్రంలో అతుకు కనపడకుండా అతికించటం దీని సారాంశం. 1907లో నార్మన్ డాన్ అనే అమెరికన్ కాలిఫోర్నియాలోని పాత క్రైస్తవ మఠాలను సినిమా తీస్తూ, కెమెరా ముందు గాజుపలక నిలబెట్టి, కూలిపోయిన భాగాలను ఆ గాజుమీద గీశాడు. తెరమీద మఠాలు చెక్కుచెదరనట్టు కనిపించాయి. తరవాత, ఫిల్ములో కొంతభాగానికి వెలుగు తగలకుండా నల్లటి మూత అడ్డం పెట్టి, ఆ ఖాళీలోకి రెండోసారి బొమ్మను ఎక్కించే పద్ధతి వచ్చింది. 'మాట్' అంటే ఆ మూతే. 1939లో వచ్చిన 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' చిత్రంలో దూరాన మెరిసే పచ్చల నగరం నల్లని అట్టమీద రంగుసుద్దలతో గీసిన బొమ్మ.

1990లో ఫొటోషాప్ అమ్మకానికి వచ్చింది. దాన్ని తయారుచేసిన నోల్ సోదరుల్లో ఒకడైన జాన్ నోల్, 'స్టార్ వార్స్' చిత్రం కోసం పుట్టిన ట్రిక్కు పనుల సంస్థలో ఉద్యోగి. ఆ దశాబ్దంలోనే గాజూ కుంచే మూలపడ్డాయి. ఈనాటి చిత్రకారుడు వందల ఫొటోలను కోసి, పొరలు పొరలుగా పేర్చి, వాటిమీద తన చేత్తో గీసి బొమ్మను సిద్ధం చేస్తాడు. కంప్యూటరులో కొండకూ గోడకూ బురుజుకూ మోటుగా ఆకారాలు కట్టి, గోడమీద సినిమా వేసినట్టుగా ఈ బొమ్మను వాటిమీద పరుస్తారు. అప్పుడు కెమెరా కదిలితే దగ్గరి బురుజు వేగంగానూ, దూరపు కొండ నెమ్మదిగానూ జరుగుతాయి. చదునైన బొమ్మకు లోతు వస్తుంది.

ఈ పనిలో ఒక విశేషం ఉంది. లేని లోకాన్ని నమ్మించాలంటే ఉన్న లోకాన్ని బాగా ఎరిగి ఉండాలి. దూరం పెరిగినకొద్దీ కొండ రంగు గాలిలో కరిగి నీలం తిరుగుతుంది. ఎండ ఏ వైపునుంచి పడుతున్నదో నటుడి ముఖంమీదా, గీసిన గోడమీదా ఒకే తీరుగా కనపడాలి. వానకు తడిసే గోడ చూరు కింద ఒక రంగులో, మొదట్లో ఒక రంగులో ఉంటుంది. మనుషులు నడిచే మెట్టు నడిమధ్య అరిగి ఉంటుంది. వీటిలో ఒక్కటి తప్పినా ప్రేక్షకుడు, కారణం చెప్పలేకపోయినా, అబద్ధాన్ని పసిగడతాడు. కల్పన ఎంత పెద్దదైనా దానికి ఆధారం వాస్తవ పరిశీలనే అని మనం సాహిత్యంలో వాదిస్తూ వచ్చాం. ఆ సంగతిని ఈ చిత్రకారుడు తన వృత్తిలో రోజూ రుజువు చేస్తున్నాడు.

అయితే ఈ పరిశీలనను ఎంతవరకు అనుమతిస్తారు? నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు, నా పూర్వ విద్యార్థి ఒకతని నోటివెంట వచ్చింది. అతనిది బేతంచెర్ల దగ్గరి పల్లె. తండ్రి నాపరాళ్ళ గనిలో సమ్మెట పట్టిన మనిషి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివి, తరవాత బొమ్మల పని నేర్చుకుని, హైదరాబాదులో ఒక గ్రాఫిక్సు సంస్థలో చేరాడు. కిందటి సెలవుల్లో మా ఇంటికి వచ్చి, తాను పనిచేసిన ఒక కోట దృశ్యాన్ని కాగితంమీద పెన్సిలుతో గీసి చూపించాడు. కోట వెనక కొండకు ఒక పక్క మెట్లు మెట్లుగా కోసిన పెద్ద గాయం.

"ఇదేమిటి?" అన్నాను.

"గని, సార్. అంత కోట కట్టినారంటే రాయి యాడనుంచో రావల్ల గదా."

ఆ గని కింద నాలుగు గుడిసెలూ, వాటినుంచి సన్నని పొగా కూడా గీశాడు. పై అధికారి చూసి, పొరపాటేమీ లేదంటూనే తీసెయ్యమన్నాడట. కొండకు గాయం కనపడకూడదు, రాజ్యం సుభిక్షంగా ఉండాలి, కన్ను నేరుగా కోటమీదికి పోవాలి - ఇవీ ఆయన చెప్పిన కారణాలు.

వీటిని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. చిత్రంలో కన్ను ఎటు పోవాలో నిర్ణయించటం కళాధర్మమే. ఏ చిత్రకారుడైనా కొన్నిటిని వదిలి కొన్నిటిని ఉంచుతాడు. కాని ఏది వదిలాడన్నది ఎప్పుడూ శిల్పానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. గనీ గుడిసెలూ లేని కోట తనంతట తాను కొండలోంచి మొలిచినట్టు కనిపిస్తుంది. అధికారం ప్రకృతిసిద్ధమైనదని భూస్వామ్య వ్యవస్థ చెప్పుకుంటూ వచ్చిన మాటకు ఇంతకంటే మంచి చిత్రం దొరకదు. ఆ మొదటి గాజుపలకను కూడా ఈ దృష్టితో చూడవచ్చు. కాలిఫోర్నియా మఠాలను కట్టింది స్పానిష్ మతగురువుల కింద వెట్టి చేసిన ఆదివాసులు. డాన్ గాజుమీద కట్టడం బాగుపడింది. దాన్ని మోసిన భుజాల జాడ అక్కడ లేదు.

ఇక్కడ మన మిత్రుల్లో కొందరు అడ్డు తగులుతారు. మాయలూ మంత్రాలూ రాజులూ ఉన్న సినిమాలో శ్రామికులను వెతకటమెందుకు, అటువంటి సినిమాయే మత్తుమందు, దాన్ని మొత్తంగా తిరస్కరిస్తే సరిపోతుంది అంటారు. ఈ వాదంతో నేను ఏకీభవించలేను. జానపదకథను తిరస్కరిస్తే మన అవ్వల నోటిలోని కథలన్నిటినీ తిరస్కరించవలసి వస్తుంది. పైగా అద్భుత కల్పనలో సత్యాన్ని చెప్పినవారు ఉన్నారు. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది మనదే. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయావారు తీసిన 'మాయాబజార్'. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో ద్వారకను చిన్న చిన్న ఇళ్ళ నమూనాలతో కట్టి చూపించారు. కాని నేను చెప్పదలచింది ద్వారకను గురించి కాదు, ఘటోత్కచుడు కట్టించిన మాయానగరాన్ని గురించి. ఆ నగరాన్ని సృష్టించేవారు తెరమీదే ఉన్నారు. చిన్నమయ, లంబు, జంబు పేర్లతో మనకు తెలుసు. వారు హాస్యమాడతారు, అవస్థపడతారు, పెళ్ళివారికి మర్యాదలు చేస్తారు. ఎవరు ఎవరిని నమ్మించటానికి ఈ భ్రమను కల్పించారో ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు. దుర్యోధనాదులు భ్రమలో ఉంటారు. మనం ఉండం. భ్రమను చూపిస్తూనే భ్రమను తయారుచేసే చేతులను కూడా చూపటంవల్లే ఆ సినిమా మనను మోసగించకుండా ఆనందపెట్టింది.

రెండోది జర్మన్ చిత్రం, 1927లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'మెట్రోపొలిస్'. ఆ మహానగరాన్ని బొమ్మలతో, నమూనాలతో, యూగెన్ షుఫ్టాన్ రూపొందించిన అద్దాల పద్ధతితో నిర్మించారు. మేడలు ఆకాశాన్ని అంటుతాయి. అయితే ఆ మేడల కింద, భూగర్భంలో, యంత్రాలు నడిపే కార్మికుల నగరం ఉంటుంది. పైవెలుగుకు కింది చీకటే మూలమని దృశ్యమే చెబుతుంది. చివరకు యజమానికీ మేస్త్రీకీ చేతులు కలిపించి సమస్య తీరిపోయిందనటం ఆ చిత్రంలోని వర్గసామరస్య భ్రమ. దాన్ని మనం విమర్శించవలసిందే. కాని నగరాన్ని ఎవరు నిలబెడుతున్నారన్న ప్రశ్నను ఆ బొమ్మలు దాచలేదు.

ఈ రెంటినీ దృష్టిలో ఉంచుకుని దగ్గరి కాలానికి వద్దాం. 2003లో పీటర్ జాక్సన్ తీసిన 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్'లో మినాస్ తిరిత్ అనే రాజధాని ఉంది. కొండను ఆనుకుని ఏడు అంతస్తులుగా లేచిన తెల్లని నగరం. పెద్ద నమూనా, మాట్ చిత్రాలు, కంప్యూటరు పని కలిపి చేసిన దృశ్యమది. పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కాని ఆ నగరం ముందు పరుచుకున్న మైదానం చూడండి. కనుచూపు మేర వట్టి గడ్డి. అన్ని వేలమందికి అన్నం ఎక్కడనుంచి వస్తున్నది?

ఈ ప్రశ్న మనం బలవంతాన వేస్తున్నది కాదు. మూలరచయిత టోల్కీన్ దీనికి జవాబు రాసిపెట్టాడు. 1955లో వచ్చిన నవలలో ఆ మైదానం దున్నిన పొలాలతో, పండ్లతోటలతో, రైతుల ఇళ్ళతో, ధాన్యపు కొట్లతో, పశువుల కొట్టాలతో నిండి ఉంటుంది. యుద్ధం వస్తున్నదని తెలిసి ముసలివారినీ స్త్రీలనూ పిల్లలనూ బండ్లమీద దూరానికి తరలిస్తారు. టోల్కీన్ అభ్యుదయవాది ఎంతమాత్రమూ కాదు. సంప్రదాయాన్నీ రాచరికాన్నీ గౌరవించే మనిషి. అయినా అతనికి ఊరు తెలుసు. నేల దున్నకుండా రాజధాని నిలవదని తెలుసు. సినిమా ఆ పొలాలను ఎత్తేసింది. ఇందులో కుట్ర ఉందని నేను అనను. వేల గుర్రాలు దూకటానికి ఖాళీ స్థలం కావలసి వచ్చి ఉంటుంది. అయితే ఫలితం మాత్రం స్పష్టం. నవలలో యుద్ధమంటే పంట తగలబడటం, మనుషులు ఇల్లు వదిలి పోవటం. సినిమాలో యుద్ధం ఖాళీ నేలమీద వీరుల విన్యాసం అయింది. దృశ్యంనుంచి పొలం పోయేసరికి యుద్ధానికి అర్థమే మారింది.

ఇక మన మాహిష్మతి. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 'బాహుబలి' రెండు భాగాలు 2015లోనూ 2017లోనూ వచ్చాయి. సాబు సిరిల్ కళాదర్శకుడు. విజువల్ ఎఫెక్ట్స్‌కు మొదటి భాగంలో వి. శ్రీనివాస్ మోహన్, రెండో భాగంలో ఆర్.సి. కమలకణ్ణన్ బాధ్యత వహించారు. రామోజీ ఫిల్మ్ సిటీలో కొంతవరకు కట్టిన సెట్లను కంప్యూటరు చిత్రాలు నగరంగా పెంచాయి. తెలుగుదేశంలో ఇంత నైపుణ్యం ఉందని ప్రపంచానికి చూపిన పని ఇది. నేను కూడా మొదటిరోజునే వెళ్ళి, ఆ జలపాతం చూసి నోరు తెరుచుకున్నవాణ్ణే.

ఆకాశంనుంచి నగరాన్ని చూపిన దృశ్యాల్లో గీతలన్నీ ప్రాసాదం వైపుకే నడుస్తాయి. కింద ఉన్న ఇళ్ళు ప్రాసాదం ఎత్తును కొలవటానికి పనికివచ్చే చుక్కలు. ఈ నగరానికి ధాన్యం పంపే ఊళ్ళెక్కడ, ఇంత రాయి కోసిన గనులెక్కడ, ఇంత బంగారం ఎవరినుంచి వచ్చిందన్న ప్రశ్నలకు ఆ దృశ్యాల్లో చోటు లేదు.

శ్రమ అసలే కనపడదని అంటే అన్యాయం చేసినవాణ్ణవుతాను. మొదటి భాగంలో భల్లాలదేవుడి బంగారు విగ్రహాన్ని నిలబెట్టే ఘట్టం ఉంది. కొరడాదెబ్బల కింద వందలమంది మోకులు లాగుతారు. శ్రమనూ పీడననూ ఇంత స్పష్టంగా చూపిన దృశ్యం మన జానపద చిత్రాల్లో అరుదు. కాని అది ఎలా ముగిసింది? విగ్రహం ఒరిగిపోతూ ఉండగా రాజవంశపు వారసుడు వచ్చి మోకు పట్టుకుంటాడు, విగ్రహం లేస్తుంది, జనం అతని తండ్రి పేరు జపిస్తారు. అన్ని వందల చేతులవల్ల కానిది రాచరక్తం ఉన్న రెండు చేతులవల్ల అయింది. తిరుగుబాటు కాగల దృశ్యం నిరీక్షణగా మారింది. మంచి రాజు వచ్చేదాకా మోకు లాగుతూ ఉండమన్నదే దాని సందేశం. ఆ సందేశానికి నగరదృశ్యం ముందే పునాది వేసి ఉంచింది.

మన ప్రాచీన కవులను ఒక్కసారి తలుచుకోండి. పెద్దన రాయల ఆస్థానకవి. రాజభక్తిలో ఎవరికీ తీసిపోడు. అయినా 'మనుచరిత్ర'లో అరుణాస్పదపురాన్ని వర్ణిస్తూ నాలుగు వర్ణాలవారినీ చెప్పాడు. నాలవజాతికి నాగలివల్ల కలిగిన కలిమిని చెప్పాడు. వర్ణవ్యవస్థను సమర్థిస్తూనే చెప్పాడు, నిజం. కాని నాగలి లేని పురం పురం కాదని ఆయనకు తెలుసు. అయిదువందల సంవత్సరాల తరవాత, పెద్దన కలలో కూడా ఊహించని పరికరాలు చేతబట్టుకుని, మనం పెద్దనకంటే తక్కువ చూస్తున్నాం.

ఇంతవరకూ తెరలోపలి శ్రామికులను గురించి చెప్పాను. తెరవెనక శ్రామికుల మాట కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ రెండు అదృశ్యాలకూ మూలం ఒకటే. అతుకు కనపడకపోవటమే మాట్ చిత్రానికి గొప్ప. ప్రేక్షకుడు బొమ్మను బొమ్మగా గుర్తించాడంటే చిత్రకారుడు ఓడిపోయినట్టే. వృత్తిధర్మంగా ఇది గౌరవించదగినది. కాని బొమ్మ కనపడకూడదన్న నియమాన్ని పెట్టుబడి మెల్లగా మనిషి కనపడకూడదన్న నియమంగా మార్చుకున్నది. నా విద్యార్థి రెండేళ్ళలో ఏడు సినిమాలకు పనిచేశాడు. అతని పేరు వచ్చింది ఒక్కదాంట్లో, అదీ తప్పుగా. విడుదల దగ్గరపడితే రాత్రీ పగలూ తేడా లేదు. దర్శకుడు మనసు మార్చుకుంటే గీసిందంతా మళ్ళీ గియ్యాలి. ఒప్పందం ముందే కుదిరిన మొత్తానికి గనక, ఆ రెండోసారి గీసిన శ్రమకు విలువ కట్టేవాడు లేడు.

ఇది మన ఊరి దౌర్భాగ్యం మాత్రమే కాదు. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ అప్పటికి రెండు వారాల కిందటే దివాలా దాఖలు చేసింది. దానికి హైదరాబాదులో కూడా శాఖ ఉండేది. బహుమతి ఇచ్చే మందిరం బయట వందలమంది వృత్తికారులు నిరసన తెలిపారు. లోపల బహుమతి అందుకున్నవారు సంస్థ దుస్థితిని చెప్పబోతుంటే సంగీతం మోగించి, మైకు ఆపేశారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కూలినప్పుడు బెంగళూరులో వేలమందికి పని పోయింది. లాస్ ఏంజెలిస్‌లో బొమ్మకు ధర ఎక్కువైతే వాంకోవర్‌కు, అక్కడా ఎక్కువైతే బెంగళూరుకూ హైదరాబాదుకూ పని తరలుతుంది. తరలించేవాడికి సరిహద్దులు లేవు. పనివాడికి ఉన్నాయి.

2022నుంచి ఇంకొక మార్పు వచ్చింది. మాటల్లో అడిగితే కొండనూ కోటనూ క్షణాల్లో గీసిపెట్టే కృత్రిమ మేధ యంత్రాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అవి గీయటం నేర్చుకున్నది కోట్ల బొమ్మలను చూసి. ఆ బొమ్మల్లో జీవించి ఉన్న చిత్రకారులవీ ఉన్నాయి. తమ అనుమతి తీసుకోలేదని 2023 జనవరిలో అమెరికాలో కొందరు చిత్రకారులు కోర్టుకెక్కారు. యంత్రాన్ని చూసి భయపడటం మన సిద్ధాంతం కాదు. మగ్గం వచ్చినప్పుడూ కంప్యూటరు వచ్చినప్పుడూ మనం అడిగిన ప్రశ్నే ఇప్పుడూ అడగాలి: ఈ యంత్రం ఎవరి చేతిలో ఉంది, ఎవరి శ్రమను మింగి పెరిగింది? ఇంకొక ప్రమాదం కూడా కనపడుతున్నది. గనిలేని కోటలనే లక్షలుగా చూసి నేర్చుకున్న యంత్రం గనిలేని కోటనే గీస్తుంది. ఒక బేతంచెర్ల కుర్రవాడికి వచ్చే సందేహం దానికి రాదు.

నిరాశకు మాత్రం కారణం లేదు. 2023 సెప్టెంబరులో మార్వెల్ సంస్థలోని విజువల్ ఎఫెక్ట్స్ సిబ్బంది ఏకగ్రీవంగా ఓటు వేసి కార్మికసంఘంలో చేరారు. సంఖ్య చిన్నదే. కాని నటులకూ, రచయితలకూ, వడ్రంగులకూ ఎప్పటినుంచో సంఘాలున్న హాలీవుడ్‌లో ఈ వృత్తివారు ఆలస్యంగానైనా తాము కూడా శ్రామికులమేనని గుర్తించారు. మన దగ్గర ఆ చర్చ మొదలు కావలసి ఉంది. అది మొదలుపెట్టవలసినవారు మన తరగతిగదుల్లోంచే ఆ గదుల్లోకి పోతున్నారు.

విమర్శకులుగా మనం చెయ్యవలసింది కూడా కొంత ఉంది. అద్భుతదృశ్యాన్ని చూడగానే పరవశించటమో, పెదవి విరవటమో కాకుండా, పద్యాన్ని పరిశీలించినట్టు పరిశీలించటం నేర్చుకోవాలి. దారులు ఎటునుంచి ఎటు పోతున్నాయి, నీళ్ళు ఎక్కడనుంచి వస్తున్నాయి, పొయ్యి పొగ ఎక్కడ లేస్తున్నది అని అడగాలి. ప్రతి కల్పనాలోకంలోనూ కార్మికవాడను గీసి తీరాలన్న ఆజ్ఞ నాకు సమ్మతం కాదు. అటువంటి ఆజ్ఞలు మన సాహిత్యంలో ఎంత నీరసమైన కథలను పుట్టించాయో మనకు తెలుసు. నేను కోరేది అంతకంటే చిన్నది. చిత్రకారుడు తనంతట తాను చూసిన నిజాన్ని తుడిపించవద్దు.

వెళ్ళేటప్పుడు నా విద్యార్థిని ఒకటి అడిగాను. తీసెయ్యమన్న ఆ గని ఏమైందని. అతను నవ్వాడు. ఫొటోషాప్‌లో ప్రతి పొర పక్కనా ఒక కన్ను గుర్తు ఉంటుందట. దాన్ని నొక్కితే పొర కనపడకుండా పోతుంది, చెరిగిపోదు.

"చెరపలేదు సార్, కన్ను మూసినానంతే. ఆ ఫైల్లో గనీ ఉంది, గుడిసెలూ ఉండాయి."

సినిమా విడుదలైంది. నేను చూశాను. కొండ నున్నగా, పచ్చగా ఉంది. పక్కసీట్లో ఉన్న మా పిల్లలకు ఆ కొండ పక్కను వేలితో చూపించి, అక్కడ ఒక గని ఉందని చెప్పాను.